బలము ఎవరి నిమిత్తము?



ఈ మధ్య మన సంఘములలో తలిదండ్రులు తరచుగా అడుగుచున్న ప్రశ్న యొకటి కలదు. కుమారుడు చదువు నిమిత్తమో పని నిమిత్తమో అనంతపురమునకో, గుంతకల్లుకో, ధర్మవరమునకో, కదిరికో వెళ్ళును. అక్కడ సాయంకాలము జిమ్ముకు పోవుట మొదలుపెట్టును. కొన్నాళ్ళకు ఇంటి గూటిలో ఒక ప్లాస్టిక్ డబ్బా కనబడును. మూత తీసి చూచిన తెల్లని పొడి. వాసన లేదు, రుచి లేదు. పేరు క్రియాటిన్. "ఇది మందా, ఆహారమా? విశ్వాసియైనవాడు దీనిని పుచ్చుకొనవచ్చునా? పాపమేమైన ఉన్నదా?" అని తల్లి అడుగును. "అందరును తాగుచున్నారు లేమ్మా" అని కుమారుడు చెంచాడు పొడి నీళ్ళలో కలుపుకొని తాగి బయటికి పోవును. తల్లి అడిగిన ప్రశ్న అక్కడనే నిలిచిపోవును. దానిని ఈ నెల మనమందరము కలిసి ఆలోచింతము.

ముందుగా ఒక మాట. యౌవనుడు బలము కోరుట చూచి నవ్వకుందము. మన సీమలో ఏటికి సగటున పడు వాన 550 మిల్లీమీటర్లకు అటు ఇటు. అదియైనను వేళకు పడదు. వేరుశనగ వేసిన రైతుకు ఊడలు దిగువేళ మబ్బు మొగము చాటు చేయును. పొలము నమ్ముకొన వీలులేని చోట మనుష్యుడు తన రెక్కలనే నమ్ముకొనును. ఉపాధి హామీ పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన దేశమంతటికి మన నార్పల మండలములోని బండ్లపల్లెలో ఆరంభించిరి. రెక్కల కష్టము తప్ప వేరు ఆస్తి లేని ప్రజలు ఇక్కడ ఎందరో ఉండుటయే అందుకు కారణము. మట్టి తట్ట మోయువానికి, బెంగుళూరు కట్టడములలో ఇటుకలు ఎత్తువానికి, పోలీసు ఎంపికకు పరుగెత్తువానికి బలమే అన్నము. కాబట్టి "కండలు పెంచుట వ్యర్థము" అని పెద్దలము ఒక్కమాటతో కొట్టివేసితిమేని, వారు మన మాట వినరు. వినకుండుట న్యాయమే.

ఇక ఆ పొడి సంగతి. క్రియాటిన్ ఏదో క్రొత్తగా కల్పించిన విషము కాదు. 1832లో షెవ్రూల్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు మాంసమునుండి దానిని వేరుచేసి, మాంసమను అర్థముగల గ్రీకు మాటనుండి దానికి ఆ పేరు పెట్టెను. మన కాలేయము, మూత్రపిండములు దినమునకు సుమారు 1 గ్రాము క్రియాటిన్‌ను తమంతట తామే తయారుచేయుచున్నవి. మాంసము, చేపలు తినువారికి ఆహారమునుండి మరికొంత చేరును. పచ్చి మాంసము కిలోలో 4, 5 గ్రాములుండును. పెద్దవాని దేహములో నూరు గ్రాములకు పైగా నిలువ ఉండగా, దానిలో నూటికి 95 పాళ్ళు కండరములలోనే. అది అక్కడ ఏమి చేయునో సామ్యముగా చెప్పవలెనన్న, ఇంటిలో చేబదులుకు ఉంచుకొన్న చిల్లర వంటిది. బస్తా ఒక్క ఊపున భుజమునకెత్తునప్పుడు, నూరు మీటర్లు గుక్క తిప్పుకొనక పరుగెత్తునప్పుడు కండరములోని శక్తి రెండు మూడు క్షణములలో ఖర్చయిపోవును. అప్పుడు క్రియాటిన్ తాను పట్టుకొని యున్న భాస్వరపు పాలును వెంటనే ఇచ్చివేసి, కండరమును మరికొన్ని క్షణములు నిలబెట్టును. విశ్రాంతి దొరికిన కొద్ది నిమిషములలో మరల నిండుకొనును.

పొడి పుచ్చుకొనినయెడల ఈ నిలువ కొంత పెరుగునని 1992లో రోజర్ హారిస్, ఆయన తోటివారు ప్రయోగము చేసి చూపిరి. ఆ తరువాతనే అంగడులలో డబ్బాలు వచ్చినవి. అప్పటినుండి జరిగిన పరిశోధనలను పరిశీలించి, ఆరోగ్యవంతులైన పెద్దలు దినమునకు 3 మొదలు 5 గ్రాముల వరకు పుచ్చుకొనుట వలన హాని కనబడలేదని, బరువులెత్తువారికిని, కొద్దిదూరము వేగముగా పరుగెత్తువారికిని ప్రయోజనమున్నదని క్రీడాపోషణ శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సంఘము 2017లో ప్రకటించెను. ప్రపంచ మాదక నిరోధక సంస్థ నిషేధించిన పదార్థముల పట్టికలో క్రియాటిన్ లేదు. కాబట్టి దానిని తాగి పోటీకి దిగినవాడు నియమము తప్పినవాడు కాడు. కోడి మాంసములో ఉన్నదే డబ్బాలోను ఉన్నది. ఒకటి తినుట ధర్మమై మరియొకటి తాగుట పాపమగునని చెప్పుటకు మనకు ఆధారము లేదు. దేవుడు నిషేధింపని దానిని మనము నిషేధించి, యౌవనుల మెడమీద క్రొత్త కాడి మోపరాదు.

అయితే అది చేయలేని పనులను గూర్చియు నిజము చెప్పవలెను. పొడి తాగి మంచముమీద పడుకొన్నవానికి కండ పెరుగదు. మొదటి వారములో తూకము ఒకటి రెండు కిలోలు పెరిగినయెడల అందులో ఎక్కువ భాగము కండరములలో చేరిన నీరే. కానిస్టేబులు ఎంపికలో 100 మీటర్ల పరుగునకు అది ఒకింత తోడ్పడునేమో గాని, 1,600 మీటర్ల పరుగునకు దానివలన లాభము స్వల్పము. పెరిగిన తూకము భారము కూడ కావచ్చును. మూత్రపిండముల వ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగక దానిని ముట్టరాదు. క్రియాటిన్ ఖర్చయి క్రియాటినిన్ అనునదిగా మారి మూత్రములో పోవును. ఆ క్రియాటినిన్‌ను రక్తములో కొలిచియే వైద్యులు మూత్రపిండముల స్థితిని అంచనా వేయుదురు. కాబట్టి పొడి తాగుచున్నవాడు ఆ సంగతి దాచినయెడల వైద్యుడు పొరపడును. ఇంకను ఎదుగుచున్న బాలురు దీని జోలికి పోకుండుట మేలు.

పొడి కంటె అపాయకరమైనది పొడి అమ్ము చోటు. క్రియాటిన్ డబ్బా ప్రక్కనే పేరు తెలియని మాత్రలు, సూదులు, "పది దినములలో ఫలితము" అను మాటలు ఉండును. కొన్ని కల్తీ డబ్బాలలో చీటీమీద వ్రాయని నిషిద్ధ మందులు కలిసియుండును. క్రీడల నియమము కఠినమైనది: దేహములో ఏది దొరికినను దానికి క్రీడాకారుడే బాధ్యుడు. "నాకు తెలియదు" అనిన విడువరు. 2023లో ప్రపంచ సంస్థకు చేరిన లెక్కలలో మన దేశపు క్రీడాకారుల నమూనాలు రెండు వందలకు పైగా దోషముతో తేలినవి. ఎవరో అమ్మిన దానిని ఏమిటో తెలియక మ్రింగుట ధైర్యము కాదు, అవివేకము.

ఇంతవరకు చెప్పినది దేహమును గూర్చి. తల్లి అడిగిన ప్రశ్నకు అసలైన ప్రత్యుత్తరము వేరొక చోట ఉన్నది. దానిని చూచుటకు ఒక తెలుగువాని చరిత్ర మనకు సహాయము చేయును.

క్రియాటిన్ కండరములో భాస్వరముతో కూడియుండి పనిచేయునని 1927లో కనుగొన్నవారిలో ఒకడు మన భీమవరములో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మన సంఘపువాడు కాడు. అయినను ఆయన శ్రమ ఫలము మన ఇండ్లలోనికి వచ్చియున్నది. యౌవనములో స్ప్రూ అను ప్రేవుల వ్యాధి వలన అన్నదమ్ములను పోగొట్టుకొని, తానును ఆ వ్యాధిచేత బాధపడి బ్రదికెను. మద్రాసులో వైద్యము చదివి, 1922లో అమెరికాకు వెళ్ళి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపు పాత్రలు కడిగెను. పగలు హార్వర్డులో ఫిస్కే అను పండితునితో కలిసి పరిశోధన చేసెను. కండరము పనిచేయునప్పుడు క్రియాటిన్ భాస్వరమును విడుచునని, విశ్రమించినప్పుడు తిరిగి కూడుకొనునని వారిద్దరు చూపిరి. నేడు ప్రపంచములోని ప్రతి క్రియాటిన్ డబ్బా వెనుక ఆ పరిశోధన ఉన్నది.

అయితే ఆయన అక్కడ ఆగలేదు. 1940లో లెడర్లే అను మందుల సంస్థకు వెళ్ళెను. అక్కడ ఆయన నడిపించిన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు పద్ధతి కనుగొనెను. స్ప్రూ వ్యాధిలో కలుగు రక్తహీనతకు అది ఔషధము. అనగా తన అన్నదమ్ములను మ్రింగిన వ్యాధికే. బోదకాలు వ్యాధికిచ్చు హెట్రజాను కూడ అక్కడనే బయటికి వచ్చెను. 1948 ఆగస్టులో, 53 ఏండ్లకే, ఆయన న్యూయార్కులో కన్నుమూసెను.

ఇప్పుడు మన ఇంటి గూటిని మరల చూడుడి. అందులో కుమారుని డబ్బా ఉన్నది. దాని ప్రక్కనే, ఆరోగ్య కార్యకర్త ఉచితముగా ఇచ్చిపోయిన ఎఱ్ఱని మాత్రల అట్ట ఉన్నది. అది గర్భిణియైన కోడలిదో, అక్కదో. ఇనుముతో కూడ ఆ మాత్రలో ఉన్నది ఫోలిక్ ఆమ్లము. ఒకే తెలుగువాని రెండు శ్రమలు ఒకే గూటిలో ప్రక్కప్రక్కన కూర్చున్నవి: ఒకటి బలవంతుడు మరింత బలవంతుడగుటకు, ఒకటి బలహీనురాలు నిలబడుటకు. మన ఇంటిలో ఏది తప్పక జరుగుచున్నది? కుమారుడు తన చెంచాడు పొడిని ఒక్క దినమైనను మరచునా? అక్క తన మాత్ర వేసుకొన్నదా అని ఎవరైన అడిగిరా?

ఈ ప్రశ్న ఊరక అడుగుటలేదు. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. అనగా ఆరాధనలో స్త్రీల వైపు ఒక వరుసలో పదిమంది కూర్చున్న, అందులో ఐదారుగురు చాలినంత రక్తము లేనివారే కావచ్చును. వారే బావినుండి బిందె మోయువారు, కలుపు తీయువారు, ఇంటిల్లిపాదికి రాగిముద్ద గెలికి వడ్డించి చివరకు అడుగున మిగిలినది తినువారు. క్రియాటిన్ డబ్బా వెల కొన్ని దినముల కూలి. దానితో అంగడివాడు అంటగట్టు ప్రోటీను పొడుల వెల అంతకు ఎన్నో రెట్లు. ఆ రూకలు ఆకాశమునుండి రాలవు. అనేక గృహములలో అవి వచ్చునది చెల్లెలి గ్రుడ్డునుండి, తల్లి పాలనుండి, తండ్రి అప్పునుండి.

దావీదు చరిత్రలో ఒక సంగతి మనకు బాగుగా తెలిసినది. 2 సమూయేలు 23వ అధ్యాయములో ఉన్నది. కోతకాలము. దావీదు అదుల్లాము గుహలో ఉన్నాడు. బేత్లెహేము శత్రువుల చేతిలో ఉన్నది. ఆ ఊరి గవినియొద్ది బావి నీళ్ళు తాగవలెనని ఆయన మనస్సు లాగెను. ముగ్గురు బలాఢ్యులు ప్రాణమునకు తెగించి శత్రువుల దండులోనుండి చొరబడి, నీళ్ళు చేది తెచ్చిరి. దావీదు వాటిని తాగలేదు. దేవుని సన్నిధిని పారబోసెను. ఆ నీటిలో ఆ మనుష్యుల ప్రాణమే ఆయనకు కనబడెను.

కరువు సీమవారమైన మనకు ఆ నీళ్ళు పారబోయుట మొదట బాధ కలిగించును. ఒక్క బిందెకై కోసు దూరము నడిచినవానికి నీటి వెల తెలియును. ఆ వెల తెలిసినవాడు గనుకనే దావీదు వాటిని తాగలేకపోయెను. ఆ నీళ్ళలో దోషము లేదు. బేత్లెహేము బావి మంచి బావియే. అవి ఎవరి ప్రాణము వెలగా వచ్చినవో అదియే ఆయనను ఆపినది. క్రియాటిన్ విషయములోను మనము అడుగవలసిన ప్రశ్న ఇదియే అని మేము తలంచుచున్నాము. ఆ పొడి పవిత్రమా అపవిత్రమా అని కాదు. ఈ గ్లాసులో ఎవరి వంతు ఉన్నది? ఎవరి ఆకలి దీనిని కొనినది?

"నా దేహము, నా సంపాదన, నా యిష్టము" అని యౌవనుడు చెప్పవచ్చును. సంపాదన తనదే, ఇంటిలో ఎవరి వంతును తగ్గలేదు, పోటీ నిజమైనది, శిక్షకుడు తెలిసినవాడు, డబ్బా నమ్మదగినది: ఇవన్నియు ఉన్నయెడల అతనిని నిందించుటకు మనకు హక్కు లేదు. పౌలు కొరింథు సంఘమునకు పరుగు పందెమును, పోటీలో పాల్గొనువారి మితాహార నియమమును సామ్యముగా చూపెను. ఆ పట్టణము ప్రక్కనే రెండేండ్లకొకసారి పెద్ద క్రీడలు జరిగెడివి, గెలిచినవానికి ఆకుల కిరీటము దొరికెడిది. క్రీడాకారుని క్రమశిక్షణను ఆయన తృణీకరింపలేదు. అయితే అదే పత్రికలో రెండు అధ్యాయముల తరువాత ఆయన ఆ సంఘమును గద్దించెను. ప్రభువు బల్లయొద్దకు కూడివచ్చినప్పుడు ఒకడు కడుపునిండ తినుచుండగా మరియొకడు ఆకలితో కూర్చుండుటయే ఆ గద్దింపునకు కారణము. పరుగెత్తుటను మెచ్చుకొన్న ఆ పౌలే పంచుకొనని భోజనమును సహింపలేదు. మన యౌవనులు ఆ రెండు అధ్యాయములను కలిపి చదువవలెను.

పొడి లేనిదే బలము రాదను భయమును కూడ విడువుడి. శ్రీకాకుళపు సీమలోని వీరఘట్టమున 1882లో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంచి, ఏనుగును ఱొమ్ముమీద నిలుపుకొని, దేశదేశములలో పేరు పొందెను. ఆయన శాకాహారి. 1942లో ఆయన చనిపోవునాటికి ఈ డబ్బాలు పుట్టనేలేదు. ఆ సీమనుండియే వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీలో మొత్తము 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకము గెలిచిన మొదటి భారత స్త్రీ అయ్యెను. ఇంటిలో ఆడపిల్ల పళ్ళెములోనిది తీసి మగపిల్లవానికి పెట్టు తలిదండ్రులు ఆమెను తలంచుకొనవలెను.

బలమునకు మొదట కావలసినది చాలినంత తిండి, తరువాత కష్టము, తరువాత నిద్ర. దేహము పెరుగుటకు కావలసిన మాంసకృత్తులు మన పొలములోనే ఉన్నవి. నూరు గ్రాముల వేరుశనగ గింజలలో సుమారు 25 గ్రాములు, ఒక్క గ్రుడ్డులో సుమారు 6 గ్రాములు. ఉలవలు, అలసందలు, కందులు మనకు క్రొత్తవి కావు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలలో కండలు పెంచుటకు ప్రోటీను పొడులు మానుడని స్పష్టముగా చెప్పెను. మనము పండించిన శనక్కాయలను మండీలో అయినకాడికి అమ్మి, ఆ రూకలతో పట్టణములో పొడి కొనుట ఎంత చిత్రమైన వ్యాపారమో యోచించుడి.

పెద్దలకును ఒక మాట. మన యౌవనులు డబ్బాను నమ్ముకొనుటకు మనముకూడ కొంత కారణము. వారి బలముతో మనకు పనిపడలేదు. పండుగనాడు పందిరి గుంజలు పాతుటకు తప్ప సంఘము వారిని పిలువదు. బలమును వాడుకొను చోటు కనబడనప్పుడు అద్దమే వాని పొలమగును. వితంతువు పూరి కప్పు కూలిన దినమున, చెరువు పూడిక తీయు దినమున, నొప్పులు పడుచున్న స్త్రీని బండి పోని దారిలో మోసుకొని పోవలసిన రాత్రి, మొదట వారి పేర్లే పిలువుడి. నిజముగా పోటీలకు సిద్ధపడుచున్న పేద బిడ్డ మన ఊరిలో ఉన్నయెడల, బాలుడైనను బాలికయైనను, దినమునకు రెండు గ్రుడ్లు, ఒక గ్లాసు పాలు సంఘమే ఏర్పాటు చేయుట మనకు మించిన పని కాదు. మందలించుటకు ముందు పెట్టుట నేర్చుకొందము.

యౌవనులారా, ఆ చిన్న పదార్థము కండరములో ఏమి చేయుచున్నదో జ్ఞాపకముంచుకొనుడి. అది తాను పట్టుకొన్నదానిని అవసరము కలిగిన క్షణమున ఇచ్చివేయును; ఇచ్చుట చేతనే దానివలన ప్రయోజనము. ఇయ్యక పట్టుకొనియే యున్నయెడల చేయి లేవదు, కాలు కదలదు. మీకు దొరికిన బలమును గూర్చి అంతకు మించి చెప్పవలసినది మాకు తోచుటలేదు.

ఈ నెల కుటుంబ ప్రార్థనలలో ఒక సాయంకాలము 2 సమూయేలు 23వ అధ్యాయము 13 మొదలు 17 వచనముల వరకు ఇంటిల్లిపాది కలిసి చదువుకొనవలెనని కోరుచున్నాము. చదివిన తరువాత కుమారుడే లేచి, గూటిలోని మాత్రల అట్ట తీసి, నీళ్ళ చెంబుతో కూడ తన అక్కకు అందించునుగాక.